మావిస్ పుడింగుకు వచ్చిన గిరాకీ

శనివారం ఉదయానికి డెస్మండ్ పార్జిటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టోస్టు తినాలి, బస్సెక్కి లడ్లో పట్నం వెళ్ళాలి, నాణేల వ్యాపారి గ్విల్ట్‌కు తన వెండి నాణెం అమ్మాలి, ఆ డబ్బు భార్య కంటపడకుండా ఉమ్మడి ఖాతాలో వేసేయాలి. అంతే.

ఆ డబ్బు నిజానికి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌ది. పాతది ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుందని తెలిసి, దంపతులిద్దరూ నాలుగు వందల ఇరవై పౌండ్లు దాచారు. వేసవిలో డెస్మండ్ దాన్ని తీసి విక్టోరియా రాణి నాటి ఆరు పెన్నీల బిళ్ళ ఒకటి కొన్నాడు. చలికాలంలోగా రెట్టింపు చేసి మావిస్‌ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. చలికాలం ముందుగా వచ్చింది. బాయిలర్ మంగళవారం ఆగిపోయింది. మెకానిక్ సోమవారం వస్తానన్నాడు. ఈలోగా మావిస్ రెండు స్వెట్టర్లు తొడుక్కుని, ఆయాసపడుతూ, కెటిల్‌లో నీళ్ళు కాచుకుంటోంది. డబ్బు బ్యాంకులో ఉందనే ఆమె ధైర్యం.

పక్కింటి సిరిల్ ట్రాంటర్ కంచె అవతలి నుంచి చెబుతూనే ఉండేవాడు. "కొంటే బంగారు కడ్డీ కొనాలోయ్. దానికి మొహం ఉండదు, చరిత్ర ఉండదు. తూకం ఉంటుంది. తూకానికి ఎవడో ఒకడు డబ్బిస్తాడు."

"బంగారం ఎక్కడైనా దొరుకుతుంది. పాత నాణేలు కొన్నే మిగిలాయి. కొన్నే ఉన్నవాటి ధర ఎలా తగ్గుతుంది?"

"కొన్నే ఉంటే సరిపోదు. అది ఇంకొకడికి కూడా కావాలి."

తాను అప్పటికే కొనేసిన సంగతి డెస్మండ్ అతనికీ చెప్పలేదు.

ఆ ఉదయం డెస్మండ్ మేజోళ్ళ సొరుగులోంచి చిన్న పెట్టె తీసి మూత తెరిచాడు. లోపల విక్టోరియా లేదు. తన చిన్నతనంలో ఇంటింటా జేబుల్లో గలగలలాడిన మామూలు నికెల్ ఆరు పెన్నీల బిళ్ళ ఉంది.

ఎక్కడ తప్పిందో వెంటనే తెలిసింది. కిందటి ఆదివారం క్రిస్మస్ పుడింగు కలిపే రోజు. ఇంట్లో ప్రతి ఒక్కరూ గరిటె పట్టి, మనసులో ఒక కోరిక కోరుకుని కలపాలి. ఆఖర్న పిండిలో ఆరు పెన్నీల బిళ్ళ వేస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే ఏడాదంతా అదృష్టం వారిది. మావిస్ ఆ బిళ్ళను వేన్నీళ్ళలో కడిగి కిటికీ గట్టు మీద పెట్టింది. అదే గట్టు మీద, వెలుతురులో, డెస్మండ్ తన నాణేన్ని భూతద్దంతో చూసుకుంటున్నాడు. "రా, కలుపు" అని ఆమె వెనక్కి తిరిగేసరికి కంగారులో చేతికందిన బిళ్ళను పెట్టెలో దాచేశాడు.

వంటింట్లోకి పరుగెత్తాడు. "బిళ్ళ ఏ పుడింగులో వేశావు?"

"తెలిస్తే ఇంకేం సరదా? పెద్ద గిన్నెలో వేసి కలిపాను. ఎందులోకి పోయిందో దానికే తెలియాలి."

"ఆ పుడింగులేవీ?"

"మనది అల్మారాలో ఉంది. తక్కిన ఆరూ చర్చి హాలుకు పంపేశాగా, పైకప్పు చందా అమ్మకానికి. ఏం, అలా పాలిపోయావు?"

ఆమె అటు వెళ్ళగానే డెస్మండ్ అల్లిక సూదితో తమ పుడింగును అన్ని వైపులా గుచ్చి చూశాడు. ఎక్కడా టక్కుమనలేదు. కోటు తగిలించుకుని హాలుకు పరుగు తీశాడు.

బల్ల దగ్గర చర్చి పెద్ద ఈనిడ్ ఓక్లీ కూర్చుని ఉంది. డెస్మండ్ వెనక కొనేవాళ్ళ వరస అప్పటికే పెరుగుతోంది.

"మావిస్ పుడింగులు ఆరూ ఇచ్చేయండి."

"ఇంటికి ఒకటే, డెస్మండ్ గారూ. అయినా మీ ఇంట్లో చేసినవి మీరే కొనుక్కోవడమేంటి?"

అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు. సగం నిజం చెప్పడం వచ్చు, అది ఇంకా ప్రమాదం. నేల చూస్తూ గొణిగాడు. "మావిస్‌కు ఈమధ్య ఛాతీలో బాగుండటం లేదు. వచ్చే ఏడాది చేస్తుందో లేదో..."

ఈనిడ్ చెయ్యి గొంతు మీదకు వెళ్ళింది. వరస నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం టీ బల్ల దాకా వెళ్ళి, పాత పుస్తకాల బల్ల మీదుగా తిరిగి వచ్చేసరికి మావిస్‌కు క్రిస్మస్ దాకా కూడా గడువు లేదు.

"అయితే నాకూ ఒకటి," అన్నాడు వెనక నుంచి సిరిల్. "చీటీ మీది ఎనిమిది కాదు, పది పౌండ్లిస్తాను."

"పన్నెండు," అంది ఇంకెవరో. ఎన్నడూ మావిస్ పుడింగు రుచి చూడని మనిషి.

పైకప్పు కారుతోంది గనక, ఇంటికి ఒకటే అన్న నియమం పక్కన పెట్టి ఈనిడ్ వేలం పెట్టింది. ఇరవై, ముప్పై, నలభై. పాడేవాళ్ళెవరికీ పుడింగు మీద అంత ఇష్టం లేదు. పక్కవాడు చెయ్యెత్తాడు, అదొక్కటే వాళ్ళకు తెలిసిన కారణం. డెస్మండ్ చెయ్యెత్తుతూ వేసవిలో గ్విల్ట్ కొట్టును తలచుకున్నాడు. "దీన్ని ఇంకొకాయన కూడా అడిగి వెళ్ళారు" అన్నాడు గ్విల్ట్. ఆ ఇంకొకాయనను డెస్మండ్ చూడలేదు. అయినా ఆయన చేతికి పోకూడదని వెంటనే చెక్కు రాశాడు.

నాలుగు పుడింగులు డెస్మండ్‌కు దక్కాయి, నూట అరవై పౌండ్లకు. మిగతా రెండూ సిరిల్ తన్నుకుపోయాడు.

హాలు వెనక కోట్లు తగిలించే గదిలో డెస్మండ్ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో పుడింగులు చిదమసాగాడు. తలుపు తీసిన ఈనిడ్‌కు వణుకుతున్న భుజాలు, వేళ్ళ నిండా ఎండు ద్రాక్షలు, "ఎక్కడున్నావు, ఎక్కడున్నావు" అనే గొంతు మాత్రమే కంటికీ చెవికీ అందాయి. ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసి, కళ్ళు ఒత్తుకుని, ఊళ్ళోకి వెళ్ళింది.

మూడో పుడింగులో విక్టోరియా దొరికింది.

గ్విల్ట్ నాణేన్ని దీపం కింద తిప్పి చూశాడు. కొవ్వులో, బెల్లప్పాకంలో పొద్దంతా ఉడికి అది మసిబొగ్గులా ఉంది. "ఏం చేశారు దీన్ని, పార్జిటర్ గారూ?"

"వంటింట్లో చిన్న పొరపాటు. ఎంతిస్తారు?"

"నలభై."

"నల్లబడినందుకు అంత కోతా?"

"తళతళలాడుతూ ఉన్నా నూటయాభై దాటేవాణ్ణి కాదు."

"నాలుగు వందల ఇరవై అని మీరే కదండీ అన్నారు."

"అది నేను అమ్మే ధర. కొనే ధర మీరు అడగలేదు." గ్విల్ట్ గొంతులో మోసం లేదు, జాలి ఉంది. "ఎవరూ అడగరు. కొనేరోజు అమ్మే సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?"

నలభై పౌండ్లు జేబులో వేసుకుని డెస్మండ్ బస్సెక్కాడు. దారిపొడవునా గొర్రెలను చూస్తూ మావిస్‌కు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. ఏ వాక్యం మొదలుపెట్టినా, "నీతో చెప్పకుండా" దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఇంటి ముందు నాలుగు కార్లున్నాయి. గుమ్మంలో పూలు, మూతపెట్టిన గిన్నెలు, మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె ఒకటి. వచ్చినవాళ్ళు అతన్ని చూసి చూపు తప్పించుకుని, వర్షం గురించి ఏదో అని వెళ్ళిపోయారు. వంటింట్లో మావిస్ బల్ల మీద నోట్లు పేర్చుకుని కూర్చుంది.

"నేను పోతున్న సంగతి నాకే ఆఖర్న తెలియాలా, డెస్?"

"మావిస్, అది..."

"ఈనిడ్ కూర గిన్నె పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. నేను పెరట్లో బొగ్గు మోస్తున్నా. ఆమె మొహం చూడాలి. పరామర్శకు వచ్చి, మనిషి నిక్షేపంలా ఉంటే ఏమంటారు? 'పుడింగు ఒకటి చేసిపెట్టమని చెప్పిపోదామని వచ్చాను' అంది. వెనకే వచ్చినవాళ్ళందరూ అదే పాట. హాల్లో నలభై పలికిందట, అదే ధర బయానా ఇచ్చారు. నేనడగలేదు. సగం పైకప్పుకు ఇస్తానన్నాను. మన సగం నాలుగు వందల నలభై."

డెస్మండ్ కోటు విప్పకుండానే అంతా చెప్పేశాడు. నాణెం, కిటికీ గట్టు, ఛాతీ మాట, వేలం, గ్విల్ట్, నలభై.

ఆమె నోట్ల దొంతరను పక్కకు జరిపింది. "నాణెం కొన్నందుకు నాకేం కోపం లేదు," అంది. "మా నాన్న గుర్రాల మీద పోగొట్టాడు, నువ్వు రాణి మీద పోగొట్టావు. కానీ నేను నాలుగు రోజులు చలికి వణుకుతూ, డబ్బుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడం నీ ఒక్కడి సొమ్ము కాదు."

ఆమె లేచి పెద్ద గిన్నె దించి, పిండి, కొవ్వు, ద్రాక్షలు పోసి గరిటె అతని చేతికిచ్చింది. "ఇరవై రెండు చేయాలి. కలుపు. ఈసారి కోరికలేం కోరకు."

ఆదివారం రాత్రికి అతని భుజాలు పడిపోయాయి.

సోమవారం మెకానిక్ వచ్చి బాయిలర్ బాగుచేశాడు. మావిస్ ఇచ్చిన నోట్లలో కొన్ని వెనక్కి తోసి, వాటి బదులు రెండు పుడింగులు ఇమ్మన్నాడు. ధర ఇంకా పెరుగుతుందని విన్నాడట.