తెల్లబడిన కంప్యూటరు

సాయంత్రం మ్యూజియం అధికారి వచ్చేలోగా తన పాత కంప్యూటరును తెల్లగా చేసేయాలని లెక్కల మాస్టారు పొద్దున్నే నిశ్చయించుకున్నారు. ఇళ్లలోకి కంప్యూటర్లు అడుగుపెట్టిన తొలిరోజుల నాటి యంత్రమది. లోపల ఒక్క తీగ చెడలేదు గానీ, పైన ప్లాస్టిక్కు కామెర్లు వచ్చినట్టు పచ్చబడింది. నచ్చితే అద్దాల బీరువాలో మాస్టారి పేరుతో సహా పెడతామని అధికారి మాటిచ్చారు.

జుట్టు రంగు తీసే క్రీము పూసి ఎండలో పెడితే ప్లాస్టిక్కు తెల్లబడుతుందని తనలాంటి పాత కంప్యూటర్ల పిచ్చివాళ్లెవరో చెప్పారు. మాస్టారు బ్యూటీ పార్లరు నడిపే మరదలి దగ్గరికెళ్లి ఆరు డబ్బాలు అడిగారు. ఎవరికని ఆమె ఆరా తీసింది. పాత సామాన్ల మీద ఇంట్లో తింటున్న చీవాట్లు చాలనుకుని, తెలిసినవాళ్లకని నసిగారు. ఆయన వీధి మలుపు తిరిగేలోపే అక్కకు ఫోను వెళ్లిపోయింది.

భార్య చప్పుడు చేయకుండా మేడ మెట్లెక్కింది. నీళ్ల ట్యాంకు అవతల నుంచి భర్త గొంతు వినిపించింది.

"ఇంకాస్త ఎండ ఓర్చుకో. సాయంత్రానికి నిన్ను నలుగురిలో గర్వంగా చూపిస్తాను."

ఇక చూడ్డానికేముంది? కిందికి దిగి అన్నయ్యను పిలిపించింది.

బావగారు హితబోధకు సిద్ధమై వచ్చారు. వయసుకు తగినట్టు ఉండడం గురించి మేడ మీద చాలాసేపు చెప్పి, ఆ మనిషెవరో చూద్దామని ట్యాంకు పక్కన కప్పి ఉన్న ప్లాస్టిక్కు కాగితం ఎత్తి వంగారు. కాలు జారింది. మొహం నేరుగా క్రీములో పడింది. కడిగేసరికి, నల్లగా రంగేసుకున్న మీసంలో ఎడమ సగం తుప్పు రంగుకు తిరిగింది. రుమాలు అడ్డం పెట్టుకుని, వచ్చిన పని మర్చిపోయి వెళ్లిపోయారు.

సంగతి తెలిసిన భార్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అనుమానించినందుకు మనసు చివుక్కుమంది.

సాయంత్రానికి యంత్రం మల్లెపువ్వులా మెరిసింది. అధికారి దాని చుట్టూ తిరిగి నిట్టూర్చారు.

"ఏమనుకోకండి మాస్టారూ. కాలం వేసిన రంగుతో సహా దాచడమే మా పని. మీరు ఆ కాలాన్నే కడిగేశారు."

మాస్టారు తల వంచుకున్నారు. జవాబు భార్య చెప్పింది.

"పొద్దుట్నుంచీ ఎండలో మాడిపోయి చేశారండీ ఆయన. మీ బీరువా మీరే ఉంచుకోండి. మా ముందుగదిలో బోలెడు చోటుంది."

అన్నట్టే ముందుగదిలో టీవీ పక్కన బల్ల వేసి, గుడ్డ పరిచి, తన చేత్తోనే దాన్ని పెట్టింది. మాస్టారి కళ్లు చెమర్చాయి.

ఆ యంత్రానికి సొంత తెర ఉండదనీ, టీవీకే తగిలించాలనీ ఆమెకు సీరియలు వేళకు తెలిసింది.