వీబీఎస్ పాఠాలు, అయిదు సంపుటాలు

తిరువూరులో సుందరరాజు అంత భక్తిపరుడు లేడని ఆయన భార్య జ్ఞానమణి నమ్మకం. కనీసం ఆమె అలా నమ్ముతోందని ఆయన నమ్మకం. ఈ రెండో నమ్మకం మీదే ఆరేళ్లుగా ఆ కాపురం ప్రశాంతంగా సాగిపోతోంది.

సుందరరాజు ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా బొమ్మల కథల పుస్తకాలు. అవీ షాపుల్లో దొరికే రకం కాదు. బెంగుళూరులో ఒకమ్మాయో, కొచ్చిలో ఒక కుర్రాడో సొంతంగా గీసుకుని, జిరాక్సు తీయించి, మధ్యలో రెండు పిన్నులు కొట్టి, యాభై కాపీలు పోస్టులో పంపుకునే రకం. ఒకదాంట్లో ఒక బల్లి పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఇంకోదాంట్లో లుంగీ కట్టిన అస్థిపంజరం పెళ్లిచూపులకి బయల్దేరుతుంది. దేశం మొత్తంలో వీటిని చదివేది యాభైమందేననీ, అందులో ఒకడు తిరువూరులో ఉన్నాడనీ తలుచుకుంటే సుందరరాజు ఛాతీ ఉబ్బేది.

హైస్కూల్లో లెక్కలు చెప్పే జ్ఞానమణికి మాత్రం ఒళ్లు మండేది.

"ఎముకలకి పెళ్లేంటండీ? యాభై దాటిన మనిషి చదవాల్సినవేనా ఇవి?"

"అది కళ జ్ఞానం. నీకు అర్థం కాదు."

"కళో గిళో, ఇంకొక్కటి ఈ గుమ్మం తొక్కిందంటే అన్నీ కలిపి పాత పేపర్లవాడికి వేసేస్తా. తర్వాత నన్ననొద్దు."

అప్పుడు సుందరరాజు బుర్ర చురుగ్గా పనిచేసింది. పుస్తకాలన్నీ అయిదు సంపుటాలుగా బైండు చేయించాడు. వాటికి బ్రౌన్ పేపరు అట్టలు తొడిగి, ఒక్కోదాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'వీబీఎస్ పాఠాలు' అని రాశాడు. వీబీఎస్ అంటే వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకి పది రోజులు పెట్టే బైబిలు బడి. ఆ తర్వాత పోస్టులో వచ్చేవి కూడా చడీచప్పుడు లేకుండా ఆ అట్టల్లోకే చేరేవి. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని దర్జాగా చదువుకునేవాడు. నవ్వొస్తే దగ్గేవాడు.

"ఏం పాఠమండీ, అంత దగ్గొస్తోంది?"

"యోనా కథ. చేప కడుపులో చలి కదా!"

జ్ఞానమణి ఈ భక్తి సంగతి చర్చి స్త్రీల సమాజంలో చెప్పింది. వాళ్లు పాస్టరు అయ్యగారికి చెప్పారు. అయ్యగారు ఆదివారం ప్రసంగంలో, "మన సుందరరాజు గారు పిల్లల కోసం అయిదు సంపుటాలు రాశారు," అనగానే చర్చిలో చప్పట్లు మోగాయి. సుందరరాజు తల దించుకున్నాడు. జనం అది వినయమనుకుని మళ్లీ కొట్టారు.

అయితే మూడో సంపుటం చివరి ఎనిమిది పేజీలు మాత్రం పోస్టులో వచ్చినవి కావు. ఆయన స్వయంగా గీసినవి. ఇరవయ్యారేళ్ల కిందట నెమలి అనే ఊరికి వెళ్లే రోడ్డు మీద సైకిలు చైను ఊడిపోయిన ఒక టీచరమ్మకి, బక్కపల్చటి గుమస్తా ఒకడు సాయం చేసిన కథ. దానికి ఉన్నది ఆ ఒక్క కాపీ. జ్ఞానమణికి చూపించాలని ఎంతో ఉండేది. నవ్వుతుందేమోనని అంతకన్నా భయంగా ఉండేది. అందుకే ఆ కథ కూడా అట్ట చాటునే ఉండిపోయింది.

మొన్న మే నెలలో ఒక సోమవారం పొద్దున పాల పాకెట్లు తీసుకుని ఇంటికొచ్చేసరికి పుస్తకాల అర ఖాళీగా కనిపించింది.

"జ్ఞానం! నా... పాఠాలేవి?"

"రావమ్మ పట్టుకెళ్లిందండీ. పెనుగొలను చర్చిలో ఇవాళ్టి నించి వీబీఎస్సు. విజయవాడ నుంచి రావాల్సిన పుస్తకాలు రాలేదంట. చెల్లెలు నోరు తెరిచి అడిగితే కాదంటానా? అయిదూ ఇచ్చేశా. మంచి పని చేశాను కదూ?"

"చాలా... మంచి పని." చేతిలోని పాల పాకెట్లు ఆ ఖాళీ అరలో పెట్టేశాడు.

"రండి, పెసరట్టు వేస్తా."

"వద్దు. ఉపవాసం."

"ఇందాక రెండు సార్లు కాఫీ తాగారుగా?"

"అక్కణ్ణించి మొదలు."

ఆఫీసుకి సెలవు చెప్పి, షేర్ ఆటోలో పదకొండో మనిషిగా ఎక్కాడు. ఒక కాలు లోపల, ఒక కాలు గాల్లో. లుంగీ అస్థిపంజరాన్ని చూసి అరవైమంది పిల్లలు కెవ్వుమన్నట్టూ, ఆ కేక అయ్యగారి దాకా వినబడినట్టూ దారంతా కళ్లకి కట్టింది. అన్నిటికన్నా పెద్ద బెంగ ఆ ఎనిమిది పేజీల గురించి. ఏ బుడ్డోడు వాటికి రంగులు పూస్తున్నాడో, ఏ బుడ్డది చింపి పడవ చేస్తోందో!

పెనుగొలను చర్చిలో పిల్లలు చాపల మీద కూర్చుని పాట పాడుతున్నారు. ముందు బల్ల మీద అయిదు సంపుటాలూ ఉన్నాయి.

"అదుగో, బావగారే వచ్చేశారు!" అంది రావమ్మ. "పిల్లలూ, ఈ పుస్తకాలు రాసిన తాతగారు ఈయనే. చప్పట్లు!"

"రావమ్మా, అవి తెరిచావా?"

"లేదు బావగారూ. వచ్చారుగా, మీ చేత్తోనే తెరవండి."

"తెరవకూడదు!" అంటూ ఆయన బల్లకి అడ్డంగా పడ్డాడు.

"అయ్యో, అందులో పామేమన్నా ఉందా ఏంటి?"

"బల్లి ఉంది. అస్థిపంజరం కూడా ఉంది."

ఇక దాచి లాభం లేదు. అరవైమంది పిల్లలు, రావమ్మ, గుమ్మంలో నిలబడ్డ నలుగురు తల్లుల ముందు సుందరరాజు ఉన్నదంతా కక్కేశాడు. బైండింగూ, అట్టలూ, యోనా దగ్గూ ఏదీ వదల్లేదు. "మూడో దాంట్లో చివర మీ అక్క గురించి నేను గీసుకున్న బొమ్మలున్నాయమ్మా. అవొక్కటి ఇచ్చెయ్. మిగతావి ఏం చేసుకున్నా సరే," అన్నాడు.

పిల్లలు ఇదీ పాఠమే అనుకుని చప్పట్లు కొట్టారు.

రావమ్మ మూడో సంపుటం తెరిచింది. మొదట యోసేపు. తర్వాత దావీదు. ఆ తర్వాత దానియేలు. అన్నీ చేత్తో రాసినవే. ఆ గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన ఆ మార్జిను సుందరరాజు ఎక్కడున్నా గుర్తుపడతాడు.

"ఇది మా అక్క రాతే కదా బావగారూ! మరి మీరేదో బల్లులంటున్నారు?" రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి జ్ఞానమణి వరండాలో ఆయన కుర్చీలోనే కూర్చుని ఉంది. ఒళ్లో అట్ట లేని మూడో సంపుటం ఉంది.

"సాక్ష్యం బ్రహ్మాండంగా చెప్పారంటగా! రావమ్మ ఫోన్ చేసింది. మీ తర్వాత ముగ్గురు పిల్లలు కూడా లేచి వాళ్ల అబద్ధాలు ఒప్పుకున్నారంట."

"అంటే, నువ్వు..."

"అట్టలు మీవి పంపించా. లోపల పాఠాలు నావి, ఆరేళ్లుగా సెలవుల్లో రాసుకున్నవి."

"నీకెప్పటినించి తెలుసు?"

"ఆ అర దుమ్ము దులిపేదెవరండీ? మొదటి శనివారమే తెలిసింది. ఆ బల్లికి పెన్షన్ వస్తుందో రాదోనని నాకెంత బెంగపట్టుకుందో!"

"మరి ఇన్నాళ్లూ అడగలేదే?"

"మీరే చెప్తారని చూశాను." జ్ఞానమణి గొంతు తగ్గింది. "అస్థిపంజరాల్ని దాచుకోండి, నాకేం బాధ లేదు. నా కథ గీసి నాకే చూపించకపోవడమేంటి? నా గురించి నేను దొంగచాటుగా చదువుకోవాలా?"

ఆమె కళ్లలో తడి చూసి సుందరరాజు సిగ్గుతో చచ్చిపోయాడు. "నవ్వుతావేమోననుకున్నా," అన్నాడు మెల్లగా.

"నవ్వాను. ఆ తర్వాత వంటింట్లోకెళ్లి ఏడ్చాను. ఇరవయ్యారేళ్ల కింద నేనేం చీర కట్టుకున్నానో నాకే గుర్తులేదు. దాని అంచుతో సహా గీశారు." కొంగుతో కళ్లు ఒత్తుకుని పేజీ తిప్పింది. వెంటనే లెక్కల టీచరు తిరిగొచ్చింది. "ఇంతకీ ఇదేంటి? చైను మీరు ఎక్కించినట్టు గీశారు?"

"నేనే కదా ఎక్కించింది?"

"మీరు చేతులు నల్లగా చేసుకున్నారంతే. ఎక్కించింది నేను. పైగా ఇంత జుట్టు మీకెప్పుడుంది?"

తెల్ల కాయితాలు, స్కేలు, చెక్కిపెట్టిన పెన్సిలు ఆయన ముందుకి తోసింది. "కూర్చోండి. నేను చెప్తా, మీరు గీయండి."

సుందరరాజు పెన్సిలు అందుకున్నాడు. సాయంత్రానికి మొదటి పేజీ తయారైంది. అందులో టీచరమ్మ చైను ఎక్కిస్తోంది. గుమస్తా పక్కన నిలబడి ఆమె టిఫిను క్యారేజీ పట్టుకున్నాడు. జుట్టు దగ్గర మాత్రం మూడుసార్లు చెరపాల్సి వచ్చింది.

"బాగానే కుదిరింది," అంది జ్ఞానమణి. "ఎనిమిది పేజీలూ అయ్యాక జిరాక్సు తీయిద్దాం. మొదటి కాపీ అయ్యగారికి మీరే పట్టుకెళ్లి ఇవ్వండి. ఇన్నాళ్లూ ఇది ఏ అట్ట చాటున ఉందో కూడా మీ నోటితోనే చెప్పి రండి."