సీలు విప్పని చిలిపి సినిమా

"అభినందనలు! వేలంలో మీరే గెలిచారు" అని ఫోన్‌లో మెసేజ్ రాగానే మా ఆవిడ ఫుమికాను వాటేసుకున్నాను. పెళ్లయి ఇరవై రోజులు. వాటేసుకోవడానికి వేలమే గెలవాలా అనకండి!

గెలిచింది ఒక వీడియో క్యాసెట్. యాభై ఏళ్ల కిందటి చిలిపి సినిమా. వేడినీటి ఊటల స్నానాల సత్రంలో తువ్వాలు పోగొట్టుకున్న గుమాస్తా అగచాట్లు. ఇంకా సీలు కూడా విప్పలేదు!

పాఠకులారా, సినిమాను కొనాలి గానీ చూడకూడదు. చూస్తే ఏముంది? గంటన్నరలో అయిపోతుంది. చూడకపోతే జన్మంతా గొప్పగానే ఉంటుంది! నా దగ్గర ఇలాంటివి ఇప్పటికే నలభై ఉన్నాయి. టోక్యోలో మా ఒంటిగది ఇంట్లో సగం చోటు వాటిదే. మిగిలిన సగంలో కొత్త దంపతులం ఇరుక్కుని పడుకుంటాం. ఇంతకంటే వరం ఏముంటుంది? ఈ గుమాస్తా మీద మూడు వ్యాసాలు రాశాను, అట్ట మీది బొమ్మ చూసే!

అమ్మినాయన మర్యాదస్తుడు. పార్శిల్ చీటీ మీద "బియ్యప్పిండి బిస్కెట్లు" అని రాశాడు. ఇరుగుపొరుగు ముందు కొన్నవాడి పరువు కాపాడటం మా సేకర్తల సంస్కారం.

సరిగ్గా ఆ వారమే, పెళ్లి కానుకలిచ్చిన వాళ్లందరికీ మేం బిస్కెట్ల డబ్బాలు తిరుగు కానుకగా పంపుతున్నాం. నేను ఆఫీసులో ఉండగా వచ్చిన ఆ పార్శిల్‌కు కూడా ఫుమికా కానుక కాగితం చుట్టి, మా ఇద్దరి పేర్లూ రాసి, చిబాలో ఉండే వాళ్ల పిన్నికి పంపేసింది. సాయంత్రం నేను వచ్చి పార్శిల్ ఏదని అడిగాకే, అందులో ఉన్నది బిస్కెట్లు కాదని ఆమెకు తెలిసింది.

"ఏవండీ, డెబ్బై ఏళ్ల మనిషికి తువ్వాలు లేని గుమాస్తానా!"

"ఆవిడ సంగతి తర్వాత. నా సీలు?"

ఈరోజు పొద్దున చిన్నత్తగారే ఫోన్ చేశారు.

"ఏమయ్యా అల్లుడూ, బిస్కెట్లనుకుంటే డొక్కలు నొప్పెట్టేలా నవ్వించావు! పెళ్లికి ముందు మీ మావయ్య నన్ను తీసుకెళ్లిన సినిమా ఇదే. ఇంట్లో మాత్రం కుట్టుపని క్లాసని చెప్పానులే!"

"అత్తయ్యగారూ, సీలు చింపేశారా?"

"చింపకుండా ఎలా చూస్తారయ్యా? సరే గానీ, నీకు ఏ సీను నచ్చింది?"

మూడు వ్యాసాల పండితుణ్ణి! "అట్ట మీదిది" అన్నాను. ఆ గుమాస్తాకు చివరికి తువ్వాలు దొరికిందో లేదో కూడా నాకు తెలియదు. పక్కన ఫుమికా కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"చూడనేలేదా? అయ్యో నాయనా! చివర్లో ఏమవుతుందంటే..."

"చెప్పకండి!" అని అరిచాను.

రేపు ఆదివారం. తొమ్మిది గంటల రైలుకు ఇద్దరం చిబా వెళ్తున్నాం. మా ఇంట్లో లేని వీడియో ప్లేయర్ అక్కడుంది. "మిగతా వాటిలో నవ్వొచ్చేవి నాలుగు పట్టుకురా" అన్నారు చిన్నత్తగారు.

ఏవి నవ్వొస్తాయో నాకేం తెలుసు? నలభై కూడా మోసుకెళ్తున్నాం.