కాటన్‌పేట ఉమ్మడి కార్ట్

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఏ తప్పూ చేయరు. పెళ్ళయిన నాటి నుంచి కాచుకుని చూస్తున్నాను, ఒక్కటి కూడా చేయలేదు. గీజర్ ఆపడం మర్చిపోతే అది ప్రతిపక్షం పని. స్కూటర్ గేటుకి తగిలితే ఆ గేటు వెనక ఎవరున్నారో ఆయనకి తెలుసు, సమయం వచ్చినప్పుడు పేర్లు బయటపెడతారు. ఇంతటి నిర్దోషితో కాపురం ఎంత కష్టమో సాటి ఆడవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు.

ఆయన పేరు దామోదర్. కాటన్‌పేటలో మా వార్డుకి కాబోయే కార్పొరేటర్. కాబోయే అని ఎందుకన్నానంటే, ఎలక్షన్ ఇంకా పెట్టలేదు. పెడతామంటారు, వాయిదా వేస్తారు. అయినా ఆయన ప్రచారం ఆపలేదు. ‘మీ వార్డు, మీ దామోదర్’ అని నవ్వు మొహంతో దళసరి కాగితం మీద అచ్చు వేయించిన కరపత్రాలు, పక్కనే ఉన్న బళేపేటలో మా హార్డ్‌వేర్ అంగడి అటక మీద మూటలు మూటలుగా ప్రజాస్వామ్యం కోసం ఎదురు చూస్తున్నాయి. ప్రజాసేవలో దిగాక ఆయన అంగడి మెట్లెక్కడం మానేశారు. మా మామగారు వేయించిన పచ్చరంగు బల్ల వెనక ఇప్పుడు మా మరిది దర్శన్ కూర్చుంటున్నాడు. ఈ మధ్య సాయంత్రాలు ఏదో వ్యాన్ వచ్చి అంగడి ముందు ఆగుతోందట. ఎందుకని అడిగే తీరిక అన్నగారికి లేదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన మా వఠారం మెట్ల మీద నిలబడి ప్రకటన చేశారు.

"ఈ క్షణం నుంచి ఈ వఠారంలో ఎవరూ విడిగా ఒక మేకు కూడా కొనకూడదు. నాలుగు ఇళ్ళ రిపేరీలకీ ఒకే కార్ట్, ఒకే ఆర్డర్. ఇది దేశంలోనే మొదటి ఉమ్మడి కార్ట్."

దేశంలో మొదటిది అవునో కాదో ఎవరూ విచారించలేదు. ఏదో షాపింగ్ యాప్‌లో కార్ట్‌ని నలుగురితో పంచుకునే వీలుందని ఆయనకి ఎవరో చెప్పారు. లింకు అందరి ఫోన్లకీ పంపారు. ఎవరికి కావలసింది వాళ్ళు అందులో వేస్తారు, చివరికి అంతా కలిపి ఒకేసారి ఆర్డర్ పెడితే గ్రూప్ డిస్కౌంట్ వస్తుంది.

నాలుగు ఇళ్ళంటే ఒకటి మాది. మేడ మీద ఒక వాటాలో పట్టు వ్యాపారం చేసి రిటైరైన గోపాలప్పగారు, ఇంకో వాటాలో ఐటీ ఉద్యోగం చేసే రమ్య. మా వెనక వాటాలో దొడ్డమ్మ, అంటే మా ఆయన పెదనాన్న భార్య. దొడ్డమ్మ బాత్రూంలో ఇప్పటికే రెండుసార్లు జారారు. మూడోసారి జారకుండా గోడకి పట్టుకునే స్టీల్ కమ్మీ ఒకటి కావాలి. ఆవిడ కోరిక అంతే. అది వచ్చేదాకా నేను రోజూ తలుపు సందులోంచి చెయ్యి లోపల పెట్టి, మొహం బయట పెట్టుకుని నిలబడతాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నీళ్ళు పోసుకుంటారు. నాకు ఆ వేళలో వీధి రాజకీయాలన్నీ బాగా తెలుస్తాయి.

కమ్మీదేముంది, దర్శన్ రాత్రి ఇంటికి వస్తూ అంగడిలోంచి ఒకటి తెస్తాడు కదా అన్నాను. మా ఆయన నన్ను జాలిగా చూశారు. అభ్యర్థి అంగడి సరుకు అభ్యర్థి ఇంటికే వస్తే రేపు ప్రతిపక్షం ఏమంటుందో ఆలోచించమన్నారు. ప్రతిపక్షం తరఫున ఇంతవరకు ఎవరూ నిలబడలేదు. అయినా ఆయన జాగ్రత్త ఆయనది.

పక్కనే ఉన్న దర్శన్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, ఒక మాట."

"అజెండాలో ఉండాదా?"

"లేదన్నా."

"అయితే తర్వాత."

నేను ఆ సాయంత్రమే కార్ట్‌లో కమ్మీ వేశాను. చాలా రకాలున్నాయి. ఒకదాని ఫోటోలో వెనక పచ్చరంగు బల్ల కనిపించింది. పచ్చరంగు కంటికి మంచిదంటారు కదా, దాన్నే ఎంచుకున్నాను.

మొదటి రెండు రోజులు కార్ట్ పాలన సజావుగా సాగింది. రమ్య నల్లరంగు కుళాయిలు వేసింది. ఇంట్లో నల్ల కుళాయిలోంచి నీళ్ళు పడితే వంశానికి మంచిది కాదని గోపాలప్పగారు వాటిని తీసేసి ఇత్తడివి వేశారు. రమ్య ఆఫీసు మీటింగులో కూర్చునే ఇత్తడివి తీసేసింది. గోపాలప్పగారు మధ్యాహ్నం నిద్ర మానుకుని కాపలా కాశారు. మా ఆయన మెట్ల గోడలకని పార్టీ రంగు పెయింటు ఎనిమిది బకెట్లు వేశారు. ఎవరో దాన్ని సున్నా చేశారు. ఆయన పదహారు చేశారు. అందులోకే ఒక శిలాఫలకం కూడా వచ్చి చేరింది, ప్రారంభించింది ఎవరో రాయడానికి.

కార్ట్ సంక్షోభంలో పడిందని మా ఆయన ఉన్నత స్థాయి కమిటీ వేశారు. గోపాలప్పగారు అధ్యక్షులు. రమ్య ఆన్‌లైన్‌లో హాజరు, మేడ మీది నుంచే. వివాదంలో ఉన్న ప్రతి వస్తువునీ కార్ట్ కిందనే ఉండే ‘తర్వాత కొందాం’ అనే జాబితాలోకి మార్చాలని తీర్మానించారు. ఆ బటన్ చూసి మా ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూడు లక్ష్మీ, పరిపాలన అంతా ఒక్క బటన్‌లో పెట్టినారు," అన్నారు.

ఆ ఊపులో దొడ్డమ్మ కమ్మీ కూడా తర్వాతలోకి పోయింది. ఆవిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి అడిగారు.

"తీసేయలేదు దొడ్డమ్మా. పరిశీలనలో ఉండాది," అన్నారు మా ఆయన.

"నేనూ పరిశీలనలోనే ఉండాను లే అప్పా. పైనోడు చూస్తాండాడు."

ఆ మరుసటి పొద్దు నుంచి నేను కాఫీ తాగాక కమ్మీని మళ్ళీ కార్ట్‌లో పెట్టడం అలవాటు చేసుకున్నాను. కమిటీ సాయంత్రం తీసేది. పొద్దున నేను పెట్టేదాన్ని. కమిటీవాళ్ళు విసిగిపోయారు. నాకు కాఫీ అలవాటు ఎలాగూ ఉంది.

ఆర్డర్ పెట్టే రోజు మంచి ముహూర్తం చూసి అందరూ మా వరండాలో కూర్చున్నారు. కుళాయిల మీద గోపాలప్పగారికీ రమ్యకీ ఒప్పందం కుదరక రెండు రకాలూ తర్వాతలోకి వెళ్ళాయి. తన కుళాయిలు లేనప్పుడు దామోదర్ అంకుల్ పెయింటు ఎందుకని రమ్య అడిగింది. పెయింటు పోయింది. పెయింటు లేని చోట శిలాఫలకం ఎక్కడ తగిలిస్తారని గోపాలప్పగారు అడిగారు. మా ఆయన గుండె రాయి చేసుకుని రాయిని వదులుకున్నారు. ఇక మిగిలింది ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పని దొడ్డమ్మ కమ్మీ.

"అంకుల్, ఒకటే ఐటమ్ ఉంది. గ్రూప్ డిస్కౌంట్ రాదు," అంది రమ్య.

"డిస్కౌంట్ కోసం చేసేది వ్యాపారం తల్లీ. మనం చేస్తాండేది ఉద్యమం," అని మా ఆయన బటన్ నొక్కారు. ఏకగ్రీవం అని వీధి వాట్సాప్ గ్రూపులో వేశారు.

తర్వాత కమ్మీ ప్రయాణం మొదలైంది. పార్సెల్ ఊరి చివర పీణ్య గోడౌన్‌కి చేరిందని యాప్ చెప్పగానే ఆయన వీధికి చెప్పారు. పీణ్యలో ఒక రాత్రి ఆగిందన్నప్పుడు ఆయనకి నిద్ర పట్టలేదు. పీణ్య వదిలిందన్న కబురు రాగానే వీధిలో షామియానా లేచింది. రిబ్బన్, కుర్చీలు, మైకు వచ్చాయి. బళేపేట మలుపు దాకా కరెంటు స్తంభాలకి స్పీకర్లు కట్టించారు. ఎవరో ఒకాయన ఫోన్ పట్టుకుని వచ్చి తనది చానల్ అన్నాడు, ముందు వరసలో కూర్చోబెట్టారు. దొడ్డమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చి వేదిక మీద పెట్టారు. లబ్ధిదారు అని ఎవరో చెప్తే, దానికి ముందు కాఫీ ఇస్తారా అని అడిగారు ఆవిడ.

మా ఆయన ఉపన్యాసం అద్భుతంగా సాగింది. దేశం నలుమూలలా గాలించి, వేలమంది వ్యాపారులని కాదని, ఎక్కడో ఉన్న నాణ్యమైన సరుకుని కాటన్‌పేటకి రప్పించానన్నారు. పేరు తెలియని ఆ దూరపు వ్యాపారికి వార్డు తరఫున నమస్కారం పెట్టారు.

"అన్నా, ఒక మాట," అన్నాడు దర్శన్ వెనక నుంచి.

మైకు దగ్గర కాదని మా ఆయన సైగ చేశారు.

దొడ్డమ్మ చేత రిబ్బన్ కత్తిరించి, పార్సెల్ విప్పించారు. అట్టపెట్టె లోపల కమ్మీకి కాగితాలు చుట్టి ఉన్నాయి. ఆవిడ ఒక కాగితం విప్పారు. అందులో మా ఆయన నవ్వుతున్నారు. ఇంకోటి విప్పారు. అందులోనూ నవ్వుతున్నారు. మైకు పట్టుకున్న ఆయన మాత్రం నవ్వడం ఆపేశారు.

"ఈ మొగం మనోళ్ళ మాదిరి ఉండాదే," అన్నారు దొడ్డమ్మ, కాగితం దూరంగా పట్టుకుని చూస్తూ. చానల్ ఆయన ఫోన్ పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

మా ఆయన దర్శన్ వైపు చూశారు. దర్శన్ షామియానా కుచ్చుల వైపు చూశాడు.

"అటకమీద జాగా లేదన్నా. ఆ కాగితం దళసరిది, మన అంగడికొచ్చే యాప్ ఆర్డర్ల ప్యాకింగ్‌కి బాగుండాది. అదే చెప్దామని..."

మా ఆయన నిటారుగా నిలబడ్డారు. "దీని వెనక ఎవరుండారో..." అని మొదలుపెట్టారు. జనం అంతా వెనక్కి తిరిగి చూశారు. వెనక కుర్చీలవాడు తప్ప ఎవరూ లేరు. వాడు కూడా కుర్చీలు ఎప్పుడు లేపమంటారని అడగడానికి వచ్చాడు.

దొడ్డమ్మ కమ్మీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చూసుకున్నారు. మంచి సరుకే. మామగారి కాలం నుంచీ మా అంగడిలో మంచి సరుకే పెడతారు.

"బళేపేట నుంచి ఇంటికి నేనే కర్ర పట్టుకుని నడిచినా కాఫీ చల్లారేలోపు వస్తును," అన్నారు ఆవిడ. కోపంగా అనలేదు. "ఇన్ని దినాలూ ఈ బిడ్డ చెయ్యి పట్టుకుని నీళ్ళు పోసుకుంటి. తప్పెవరిది దాము?"

ఆయన నా చెయ్యి వైపు చూశారు. పీణ్య ఉన్న దిక్కు చూశారు. ప్రతిపక్షం కోసం కూడా ఒకసారి చూశారనుకుంటాను. చేతిలో మైకు ఉందని, బళేపేట మలుపు దాకా స్పీకర్లు కట్టించింది తానేనని మరిచిపోయి, చాలా చిన్న గొంతుతో అన్నారు.

"నాదే దొడ్డమ్మా. తప్పు నాదే."