దానయ్య చూపు బదిలీ

అరిజిల్లి దానయ్య దగ్గరి చూపును చూపుల శాఖ వారు విశాఖపట్నం నుంచి ఒంగోలుకు బదిలీ చేశారు. నలభై దాటినవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే కనక ఇంట్లో ఎవరూ గుండెలు బాదుకోలేదు. వీధి చివర బట్టలు కుట్టే సింహాచలం దగ్గరి చూపు అప్పటికే కడపలో పనిచేస్తోంది. గడియారాలు బాగుచేసే కాసులుది నెల్లూరు వెళ్లి, అక్కడ ప్రమోషన్ కూడా తెచ్చుకుందని చెప్పుకునేవారు.

దానయ్య భార్య నూకరత్నం సముద్రపు ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఆమెకింకా ఆ వయసు రాలేదు.

"ఒంగోలు మంచి ఊరేనంట. ఏ అడివిలోకో తోసీనేదు, సంతోషించు" అంది.

దానయ్యకు సంతోషించే తీరిక లేదు. అతను వెల్డరు. సముద్రం మీద పడవ ఎంత దూరాన ఉన్నా ఎవరిదో చెప్పగలడు గానీ, చెయ్యి చాచినంత మేరలో ఉన్నదేదీ ఇప్పుడు కనిపించడం లేదు. దాని బదులు ఒంగోలు ఆఫీసులో ఒక టేబులు కనిపిస్తోంది. అన్నం తినడానికి కూర్చుంటే కంచం ఉండవలసిన చోట స్టాంపు ప్యాడు ఉండేది. అతను స్టాంపు ప్యాడును చూస్తూ పప్పు కలుపుకునేవాడు.

తిండి ఎలాగోలా నోట్లోకి పోయేది. పని దగ్గరే వచ్చింది చిక్కు. షెడ్డులో రెండు ఇనుప రేకుల మధ్య గీత మీదికి వంగి, నల్లద్దం ఉన్న ముసుగు ముఖం మీదికి దించి, రాడ్డు అంటించేవాడు. మెరుపు చప్పుడు వినిపించేది, వాసన వచ్చేది, చేతికి వేడి తగిలేది. కళ్లకు మాత్రం ఆకుపచ్చ రెగ్జిను పరిచిన టేబులు, దాని మీద అక్కడి సూపరింటెండెంటుగారు వేరుసెనక్కాయలు ఒలుచుకునే వేళ్లు కనిపించేవి. అతుకు గీత దిగి పక్కకి పారిపోయేది.

దానయ్య ఊరుకునే మనిషి కాదు. రేకుల మీద సుద్దతో తెల్లటి గీత గీయించుకున్నాడు. పక్కన పెద్ద దీపం పెట్టించాడు. దీపం పెట్టాక ఒంగోలు టేబులు మీద వెలుతురు పెరిగింది, అంతే. నల్లద్దం వెనక భూతద్దం బిగించి చూశాడు. సూపరింటెండెంటుగారి గోళ్లు పెద్దవై, వాటి సందుల్లో మట్టి కూడా తెలిసొచ్చింది. చివరికి చెవులతోనే పని చేద్దామనుకున్నాడు. మెరుపు సరిగా పడుతుంటే వేగుతున్న చప్పుడు ఒకేలా ఉంటుందని అతనికి తెలుసు. చప్పుడు ఒకేలా ఉండేది, అతుకు మాత్రం గీతకి అవతల ఉండేది.

ఫోర్‌మన్ భాస్కర్రావు మంచివాడు. దానయ్య భుజం మీద చెయ్యి వేసి గేటు వైపు చూపించాడు.

"దానయ్యా, గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. నీకు దూరం బాగా కనపడుతుంది గదా. ఎవరొస్తున్నారో చూసి చెబితే చాలు. నీడపట్టునుంటావు."

"ఎవలొస్తన్నారో సూడ్డానికి నానెందుకు సార్? కుక్కనెట్టుకోండి. నాను వెల్డర్ని" అన్నాడు దానయ్య. సెలవు పెట్టి, మర్నాడు పొద్దున్నే ఒంగోలు రైలెక్కాడు.

ఆఫీసు కనుక్కోవడం కష్టం కాలేదు. లోపల పొడుగాటి హాలు, వరసగా బెంచీలు. రాష్ట్రం నలుమూలల నుంచి బదిలీ మీద వచ్చిన దగ్గరి చూపులన్నీ వాటి మీద కూర్చుని, కాగితాల అడుగున ఉండే చిన్న అక్షరాలు చదువుతున్నాయి. వాటి మధ్య ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక బంట్రోతు టీ గ్లాసులు పెట్టుకుంటూ పోతున్నాడు.

దానయ్య చూపు సూపరింటెండెంటుగారి టేబులు పక్కనే ఉంది. అతను దగ్గరికి వెళ్లగానే అది తలెత్తి చూసింది. అప్పుడు దానయ్యకు తన ముఖం కనిపించింది. అద్దంలో ఎప్పుడూ అంత దగ్గరగా చూసుకోలేదు. బుగ్గల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు, ఎండిన పెదవులు. ఇంత ముసలాడినైపోయానా అనుకున్నాడు. చూపు అతన్ని గుర్తుపట్టింది గానీ డ్యూటీలో ఉంది కనక లేవలేదు. మళ్లీ కాగితంలోకి వంగింది. దానయ్య ముఖం పోయి అక్షరాలు వచ్చాయి.

సూపరింటెండెంటుగారి పేరు కోటిలింగం. నెమ్మదస్తుడు.

"నా సూపు నాకిచ్చీండి బాబూ. నా పనంతా దాంతోటే ఉన్నాది" అన్నాడు దానయ్య.

"చాలా బాగా పనిచేస్తోందయ్యా నీ చూపు. వెల్డింగులో ఆరితేరింది కదా, రెండక్షరాల మధ్య సందు కూడా వదలదు. ఇలాంటిది మాకు దొరక్క దొరక్క దొరికింది."

"అచ్చరాల మద్దిన సందు మీకెందుకండి? రేకుల మద్దిన సందు నాకు గావాల."

"కళ్లజోడు పెట్టుకోలేకపోయావా?"

"బూతద్దం కూడా ఎట్టేనండి. మీ గోళ్లు పెద్దగా అవుపడ్డాయి."

కోటిలింగంగారు చేతులు టేబులు కిందికి దించేసుకున్నారు. కాసేపు ఆలోచించి, బదిలీ అయిన చూపును వెనక్కి పంపే పద్ధతి లేదని చెప్పారు. దానయ్య సరేనని వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆఫీసు తెరిచేసరికి అక్కడ ఉండేవాడు, మూసేదాకా ఉండేవాడు. ఎవరితోనూ గొడవపడలేదు. కోటిలింగంగారు లోపలికి వెళ్లేటప్పుడు లేచి నిలబడేవాడు, బయటికి వచ్చేటప్పుడు లేచి నిలబడేవాడు. వారం తిరిగేసరికి కోటిలింగంగారికి ఆ వరండా దాటడం భారమైపోయింది. లోపలికి పిలిచారు.

"మ్యూచువల్‌కి ఒప్పుకుంటావా?"

"అంటే ఏటండి?"

"ఇచ్చిపుచ్చుకోవడం. మా ప్రణాళికల విభాగంలో దూరదృష్టి పోస్టులు చాలాకాలంగా ఖాళీ. పెద్ద పెద్ద చదువులవాళ్లు అప్లై చేశారు గానీ ఎవరి దగ్గరా సరుకు లేదు. నీ దూరపు చూపు మాకిస్తే దగ్గరి చూపు తీసుకుపోవచ్చు. అవునూ, నీ దూరపు చూపు ఎక్కువగా ఎక్కడ తిరుగుతుంటుంది?"

"సముద్రం మీదండి. పొద్దున్న లెగిసి గుమ్మంలో నిలబడితే ఆకాసం కలిసీకాడికి ఎల్లిపోద్ది."

"చాలా మంచి అనుభవం" అన్నారు కోటిలింగంగారు.

దానయ్య ఆలోచించుకోవడానికి మళ్లీ వరండాలోకి వచ్చాడు. దూరం చూసి ఇన్నాళ్లూ తను చేసిందేమిటి? వచ్చే పడవల్ని చూశాడు, కొండ మీద మబ్బు చూశాడు, తల మీద గంపతో నూకరత్నం ఇసకలో నడిచివస్తుంటే ఆ నడక చూసి పొయ్యి మీద టీ పెట్టాడు. ఇవన్నీ చూసినందుకు ఎవరూ కూలి ఇవ్వలేదు. చేతికింద ఉన్నది కనపడితేనే మనిషికి పని, పని ఉంటేనే పేరు. లోపలికి వెళ్లి ఒప్పేసుకున్నాడు. సంతకం పెట్టేటప్పుడు తన అక్షరాలు తనకు కనిపించాయి. పొంగిపోయాడు. తల ఎత్తితే కోటిలింగంగారు లేరు. అక్కడే కూర్చుని ఉన్నారు గానీ, చెయ్యి చాచినంత మేరకి అవతల లోకం లేదు.

తిరుగు రైల్లో పక్కనున్నాయన స్టేషన్ల పేర్లు చెబుతూ వచ్చాడు. ఇంటి గుమ్మంలో నూకరత్నం గొంతు వినిపించింది.

"నానెక్కడున్నాను సెప్పు?"

"దగ్గిరికి రా, సెప్తాను."

ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. దానయ్య ఆమె ముఖం చాలాసేపు చూశాడు. బుగ్గకి అంటుకున్న చేప పొలుసు తీశాడు.

"నీ కంటి రెప్ప మీద పుట్టుమచ్చ ఉన్నాదని నాకు తెల్దే."

"ఇన్నాళ్లూ ఏటి సూసినావు మరి?" అని నవ్వింది నూకరత్నం. ఆ తర్వాత, "రేపట్నుంచి నానొచ్చీది నీకు తెల్దన్నమాట. సర్లే, నానే కేకేస్తాన్లే" అంది.

షెడ్డులో దానయ్య ముసుగు దించి రాడ్డు అంటించగానే కరిగిన ఇనుము పెసరబద్దంత ముద్దగా మెరుస్తూ కనిపించింది. దాని అంచులు ఈ రేకునీ ఆ రేకునీ తడుపుతూ పోతున్నాయి. వెనకాలే పాల మీద మీగడ కట్టినట్టు తెట్టు కడుతోంది. భాస్కర్రావు సుత్తితో తట్టగానే తెట్టు రాలి, కింద అతుకు చేప పొలుసుల్లా వరసగా బయటపడింది.

"ఇదయ్యా పనంటే" అన్నాడు భాస్కర్రావు.

అప్పుడే పెద్ద కాంట్రాక్టు ఒకటి వచ్చింది. పొడుగాటి స్తంభాలు, వెడల్పాటి రేకులు, వాటికి చట్రాలు. ఆ పాటికి షెడ్డులో వెల్డర్లందరూ నలభై దాటి, దానయ్య దారిలోనే మ్యూచువల్ చేసుకొచ్చారు. చేస్తున్నదేమిటో అటు చివర నుంచి ఇటు చివరకి చూసినవాడు ఒక్కడూ లేడు. ఓడ అన్నాడొకడు. నీళ్ల ట్యాంకు అన్నాడింకొకడు. భాస్కర్రావుని అడిగితే, "మీ ముందున్న అతుకు చూసుకోండి" అన్నాడు. ఆ మాట సబబుగానే ఉందని దానయ్యకి అనిపించింది. అతని ముందున్న అతుకు చాలా బాగుంది.

సామాను తయారయ్యాక దాన్ని నిలబెట్టే చోటికి వెల్డర్లని వ్యానులో తీసుకెళ్లారు. ఒకడి భుజం మీద ఇంకొకడు చెయ్యి వేసుకుని వరసగా దిగారు. కాళ్ల కింద ఇసక తగిలింది. అలల హోరు వినిపించింది, ఎండుచేపల వాసన వచ్చింది. విశాఖపట్నంలో ఇసకకీ అలలకీ కొదవ లేదు కనక దానయ్య ఏమీ అడగలేదు. స్తంభానికి రేకు, రేకు పక్కన రేకు అతుకుతూ పోయాడు. భాస్కర్రావు వెనకాల నిలబడి ఎవరితోనో గర్వంగా చెబుతున్నాడు.

"ఈ జాగా ఎంత బాగుంటుందో ప్రణాళికలవాళ్లు ఒంగోల్లో కూర్చునే చూశారట సార్. ఈ వీధిలో ఏదో ఇంటి గుమ్మంలో నిలబడి చూసినట్టే కనపడిందట. ఇంత అందమైన చోటు చేపలు ఎండబెట్టుకోవడానికా అనుకుని, వెంటనే హోటలు శాంక్షన్ చేసేశారు."

దానయ్య చేతిలో రాడ్డు ఆగింది. ఆ గుమ్మం ఎవరిదో, ఆ చూపు ఎవరిదో అతనికి వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క క్షణం, తన చూపుకి అంత పేరు వచ్చినందుకు బాగానే అనిపించింది. ఆ తర్వాత, ముసుగు లేకుండా మెరుపుని చూసిననాడు రాత్రి కళ్లలో ఇసక పోసినట్టుండే మంట మొదలైంది. మెరుపేమీ చూడకుండానే.

చివరి రేకు నిలబెట్టారు. దానికీ స్తంభానికీ మధ్య సందు ఒక్కటే మిగిలింది. రేకుని లాగి పట్టి బిగించేముందు ఆ సందులోంచి గొంతు వినిపించింది.

"ఏమయ్యో! నువ్వేనేటి?"

"నానేనే రత్నం. ఎక్కడున్నావు?"

"ఇవతల. నా సేపలన్నీ ఇటుండిపోనాయి. ఇల్లు అటుండిపోనాది. పొద్దున్నించి సూస్తన్నాను, వీది పొడుగునా గోడ లెగిసిపోనాది. ఎవలేస్తన్నారో అనుకున్నాను."

దానయ్య రేకుని తడిమాడు. అంత పని చేసినా దానికి గోడ అనే పేరుందని ఇప్పుడే విన్నాడు.

"ఇప్పుడెలాగ?" అన్నాడు.

"ఆ కొస దాకా ఎల్లి, హార్బరు రోడ్డు మీంచి తిరిగి రావాల. దినం ఎల్లిపోద్ది. ఇదుగో, ఈ ఒక్క సందూ వదిలీ. నానూ నా గంపా దూరీంత సాలు. ఎవలికీ తెల్దు. వీల్లెవలికీ అవుపడదు."

ఆ మాట నిజమే. భాస్కర్రావు దూరంగా గొడుగు కింద ఉన్నాడు. మిగతా వెల్డర్లకి ఎవరి ముందున్నది వాళ్లకే కనిపిస్తుంది. దానయ్య సందులోకి చూశాడు. పైనుంచి కింద దాకా నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా, రాడ్డు కోసమే కొలిచి పెట్టినట్టుగా ఉంది. ఇలాంటి సందు కళ్లారా చూడాలనే కదా ఒంగోలు వరండాలో అన్ని రోజులు కూర్చున్నాడు. ఇది కనపడక, ఇంకొకరి వేరుసెనక్కాయలు చూస్తూ పిచ్చెక్కిపోయాడు.

"ఇంత బాగా అవుపడతన్నదాన్ని ఎలాగ వదిలీమంటావే?" అన్నాడు.

అవతల అల ఒకటి విరిగి వెనక్కి పోయింది.

"సరే, కానీ" అంది నూకరత్నం. "మెరుపు కళ్లల్లో పడకండా అటు తిరుగుతాను. అయిపోయాక సెప్పు, ఎల్తాను."

దానయ్య ముసుగు దించాడు. ఆగకుండా, చెయ్యి వణక్కుండా, ఒక్క ఊపులో పై నుంచి కిందికి అతికాడు. తట్టి చూసుకున్నాడు. తెట్టు రాలింది. అంత మంచి అతుకు తన జన్మలో వెయ్యలేదు. "అయిపోనాదే" అన్నాడు గట్టిగా. జవాబు రాలేదు. అప్పటికే బయల్దేరి ఉంటుంది.

ఆమె దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరింది. కాళ్లు కడుక్కుని కూర్చుంది. ఇద్దరూ గోడ సంగతి ఎత్తలేదు. అన్నం తిని పడుకున్నారు.

కొన్నాళ్లకి వీధి సర్దుకుంది. చుట్టూ తిరిగి వెళ్లడానికి ఆడవాళ్లు పొద్దున్నే లేవడం అలవాటు చేసుకున్నారు. ఎవరు గుమ్మంలో నిలబడినా ఎదురుగా హోటలు వారి గోడే కనిపించేది. ఇంక దూరపు చూపు ఇంట్లో ఉంచుకుని చేసేదేముందని అందరికీ అనిపించింది. ఆ సంగతి తెలుసుకుని చూపుల శాఖ వారు వీధిలోనే క్యాంపు పెట్టారు. షామియానా వేశారు, మజ్జిగ పోశారు. వయసు రానివాళ్ల దగ్గర కూడా ముందుగానే తీసుకునే వెసులుబాటు కల్పించారు.

అనుభవం ఉన్నవాడని దానయ్యని షామియానాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వరసలో వచ్చినవాళ్లు ఒక్కొక్కరే అతని ముందుకొచ్చి, అతనికి కనపడేంత దగ్గరగా నిలబడి అడుగుతున్నారు. అలా నూకరత్నం ముఖం కూడా వచ్చింది.

"కట్టంగా ఉంటాదేటి?" అని అడిగింది, కొత్తవాళ్లని అడిగినట్టు.

"మొదట్లో గోడకి గుద్దుకుంటాం. ఆ తరవాత గోడున్నాదనే తెల్దు" అన్నాడు దానయ్య.

ఆమె తలూపి, చెంగు సర్దుకుని ముందుకు కదిలింది. వెనకనున్నవాళ్లు ఒక్కడుగు ముందుకు జరిగారు.