వైవాకు వచ్చిన జొన్నరొట్టెలు

ఆ రోజు ఉదయం దివాకర్ ప్లాను చాలా సాదాసీదాది. పొద్దున వైవా, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి పేరు ముందు డాక్టర్. సూపర్ మార్కెట్ తిండి మనిషిని ఎలా నాశనం చేస్తుందో అతను ఇటుకంత లావు థీసిస్ రాశాడు. అందులో మూడో అధ్యాయం మొత్తం మౌలాలిలో ఉండే వాళ్లమ్మ బుచ్చవ్వ చేతి జొన్నరొట్టె మీదే. ఆ అధ్యాయం రాస్తున్నంత కాలం హాస్టల్లో నూడుల్స్ తిని బతికాడు.

వైవాకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు పరిశోధకుడే భోజనం పెట్టడం మన విశ్వవిద్యాలయాల ఆనవాయితీ. థీసిస్ చదవని ఎగ్జామినర్లు ఉంటారు గాని, భోజనం తినని ఎగ్జామినర్ ఇంకా పుట్టలేదు. ఈసారి వచ్చింది ప్రొఫెసర్ నరహరి. బార్‌కోడ్ ఉన్న వస్తువు నోట్లో పెట్టనని సభల్లో ప్రకటించిన మనిషి. ప్యాకెట్ పెరుగు వడ్డించిన పాపానికి ఒక పరిశోధకుడి చేత థీసిస్ మొత్తం తిరగరాయించాడని క్యాంపస్‌లో చెప్పుకుంటారు. అందుకే మధ్యాహ్నానికల్లా బుచ్చవ్వ ఇంటినుంచి రొట్టెలు తెచ్చేలా ఏర్పాటయింది.

మధ్యాహ్నమైంది. బుచ్చవ్వ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. లోపల ప్రశ్నలు అయిపోయాయి. "ఫలితం భోజనం తర్వాత చెబుతాను," అని నరహరి చేతులు కడుక్కోవడానికి లేచాడు.

దివాకర్ బయటికి పరుగెత్తి రూమ్మేట్ బాలరాజును పట్టుకున్నాడు.

"తార్నాకల రొట్టెల బండ్లు ఉంటయి గద రా?"

"అవి పొద్దుగూకినంక పెడ్తరు. ఇప్పుడు గాడ ఏం దొరకది."

"మరెట్ల రా?"

"సూపర్ మార్కెట్ల ప్యాకెట్ రొట్టెలు ఉన్నయి. ఫ్రిజ్‌ల."

"నా థీసిస్ చదివినవా నువ్వు?"

"లేదు. సారు చదివిండా?"

దివాకర్ జేబులోంచి డబ్బులు తీసిచ్చాడు. బాలరాజు స్కూటీ మీద పోయి ఎర్ర ప్యాకెట్లు తెచ్చాడు. ఇద్దరూ కలిసి కెమిస్ట్రీ ల్యాబ్ బర్నర్ మీద రొట్టెలకు మసి పట్టించారు. మరీ గుండ్రంగా ఉంటే అనుమానం వస్తుందని బాలరాజు అంచులు కొరికి వంకరలు తిప్పాడు. తర్వాత మోదుగాకు విస్తర్లలో వడ్డించారు.

నరహరి ఒక ముక్క నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవకపోయేసరికి గైడ్ శ్రీలలిత మేడమ్ మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది.

"తల్లి చెయ్యి," అన్నాడు చివరికి. "ఈ అంచు చూడండి మేడమ్. యంత్రానికి ఈ వంకర వస్తుందా?"

"రాదండి. కాకపోతే పంటి గాట్లలా ఉన్నాయి."

"వేళ్లు. తల్లి వేళ్లు. జొన్నలు ఎక్కడివోయ్?"

"మా చేన్లవి సార్," అన్నాడు దివాకర్.

"ఇంట్ల ఇసుర్రాయి గూడ ఉన్నది సార్," అన్నాడు బాలరాజు, ఎవరూ అడగకపోయినా. "రోజు తెల్లారంగ వీళ్లమ్మ పిండి ఇసురుతది. కిందింటోళ్లు అలారం పెట్టుకునుడు బంద్ జేసిండ్రు."

బుచ్చవ్వ ఉండేది మూడో అంతస్తులో. ఆ ఇంట్లో అన్నిటికంటే బరువైన వస్తువు టీవీ.

"అయితే భోజనం కాగానే అక్కడికే పోదాం," అన్నాడు నరహరి. "ఆ రాయిని చూడకుండా ఫలితం చెప్పడం పాపం."

దివాకర్ బల్ల కింద బాలరాజు కాలు తొక్కాడు. బాలరాజు ముషీరాబాద్‌లో ఇసుర్రాయి అద్దెకు దొరుకుతుందేమోనని ఫోన్‌లో వెతకసాగాడు.

అంతలో తలుపు తోసుకొని బుచ్చవ్వ వచ్చింది, చేతిలో స్టీలు డబ్బాతో.

"ఆగమాగం వచ్చిన బిడ్డా. ఫోను ఇంట్లనే మర్చిన," అని డబ్బా మూత తీసి నరహరి ముందు పెట్టింది.

"ఈమె ఎవరు?" అన్నాడు నరహరి.

దివాకర్ క్షణం ఆలోచించాడు. అమ్మ అని చెబితే విస్తట్లో ఉన్నవి ఎవరు చేశారో చెప్పాలి.

"మెస్సామె సార్. ఎక్స్‌ట్రా రొట్టెలు చెప్పినం."

బుచ్చవ్వ కొడుకు వంక చూసింది. పెద్ద సదువులోళ్ల మర్యాదలు ఇట్లనే ఉంటాయేమో అనుకొని ఊరుకుంది. నరహరి డబ్బాలోంచి ముక్క తుంచి నోట్లో పెట్టుకొని, వెంటనే ఉమ్మేశాడు.

"చూశారా తేడా? ఫ్యాక్టరీ సరుకు. ప్లాస్టిక్ వాసన. మన నేలను చంపుతున్నది ఇలాంటివే. తీసుకుపో అమ్మా."

బుచ్చవ్వ మర్యాద అక్కడితో అయిపోయింది.

"ఏంది సారూ, గట్ల ఉమ్ముతవ్? కన్నకొడుకు పరీక్షని ఉరుకొచ్చిన. ఏం రా, నేను మెస్సామెనా? నిన్ను మెస్సోళ్లు కన్నరా?"

నరహరి విస్తట్లోకి చూశాడు.

"మరి ఇవి?"

"ప్యాకెట్‌వి సార్," అన్నాడు దివాకర్.

"ఆ అంచులు?"

"నా పండ్లు సార్," అన్నాడు బాలరాజు.

నరహరి రంగు మారింది. కానీ గొప్పవాళ్లు తొందరగా తేరుకుంటారు. ఆయన లేచి బుచ్చవ్వకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిందమ్మా. ఆ ప్యాకెట్ తిండి నా నాలుకను చెడగొట్టింది." ఇందాక ఉమ్మేసిన రొట్టెలోంచే పెద్ద ముక్క తుంచి నమిలాడు. కళ్లు మళ్లీ మూతపడ్డాయి. "ఇప్పుడు తెలుస్తోంది. మట్టి. ఎండ. చెమట."

"చెమటేంది సారూ," బుచ్చవ్వ నొచ్చుకుంది. "సాఫ్‌గ ఉంటదని కంపెనీవే తెచ్చిన. ఎర్ర ప్యాకెట్. దుకాణపోడు షట్టర్ లేపెదాక నిలవడ్డ, గందుకే లేటయింది. చేతులు గుంజుతున్నయని రొట్టెలు కొట్టుడు ఎప్పుడో బంద్ వెట్టిన. వీడొస్తె గవ్వే కాల్చి పెడ్త. నా రొట్టె మీద బుక్కు రాస్తున్న అంటే, పోరడు మురుస్తున్నడు గద అని ఏమనలే."

దివాకర్ తన థీసిస్‌ను మెల్లగా బల్ల కిందికి జరిపాడు.

శ్రీలలిత మేడమ్ గ్లాసు కింద పెట్టింది. "అంటే ఒకే రొట్టెను మీరు ముందు పొగిడి, తర్వాత ఉమ్మేసి, మళ్లీ పొగిడారండి. ఫలితం ఇప్పుడే చెబుతారా, లేక దీనిమీద చిన్న సెమినార్ పెట్టుకుందామా?"

"ఫలితం," అన్నాడు నరహరి గబుక్కున. "అద్భుతమైన థీసిస్. మూడో అధ్యాయం ఒక్కటి తీసేస్తే చాలు. కంగ్రాచ్యులేషన్స్ డాక్టర్ దివాకర్."

వైవా చాలా బాగా జరిగిందని గదిలో ఉన్న వాళ్లంతా ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే ఏం జరిగిందో చెప్పాల్సి వస్తుంది.