మూత తెరవరాదు

ఆదివారం పొద్దున ఆరు గంటలకు రాఘవేంద్ర వంటింట్లో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఆయన గుంతకల్లు రైల్వే ఆఫీసులో గుమాస్తా. భార్య వనజాక్షిని, ఉరవకొండ నుంచి వచ్చిన మామ బయ్యన్నను వెంటబెట్టుకుని ఆ పూట ఎర్రగుట్ట మీద క్యాంపు వేయాలని పథకం వేశాడు. ఎండాకాలం కదా, గుట్ట మీద గడ్డి కరకరలాడుతోంది, అగ్గిపుల్ల గీయడం కూడా నిషేధం. సరిగ్గా అందుకే ఆయన ఆ గుట్టను ఎంచుకున్నాడు.

కారణం, ఆయన కొత్తగా కొన్న థర్మల్ కుక్కర్. లోపలి గిన్నెలో బియ్యం, పప్పు పొయ్యి మీద పది నిమిషాలు మరిగించి, వేడి బయటికి పోనివ్వని పెద్ద డబ్బాలోకి దించి మూత బిగిస్తే చాలు, నాలుగు గంటల్లో నిప్పు లేకుండానే ఉడికిపోతుంది. దాన్ని ఎంచుకోవడానికి మహానుభావుడికి మూడు నెలలు పట్టింది. నాలుగున్నర లీటర్లా, ఆరా? లోపల ఒక గిన్నెనా, రెండా? ఇంటి వంటకు చాలినది గుట్ట ఎక్కేటప్పుడు బరువవుతుందా? అంతా నోటుపుస్తకంలోకి ఎక్కించాడు. ఆ మూడు నెలలూ వనజాక్షి ఒక గ్రైండర్ కావాలని అడుగుతూ, చేత్తో పిండి రుబ్బుతూనే ఉంది.

"ఒక మాట చెప్తాండా," అంది ఆమె. "మధ్యాన్నానికి ఇది ఉడికించిందని తేలితే మీ మాటే నెగ్గుతాది. తేల్లేదనుకోండి, ఇంక ఈ ఇంట్లోకి ఏం రావాలన్నా నేనే కొంటా. అటక మీదుండే మీ రొట్టెల మిషన్ చాలు నాకు."

రాఘవేంద్ర సరేనన్నాడు. ఇంట్లో పోయిన పరువు తిరిగి రావాలంటే ఆయనకు ఇంకో దారి లేదు.

మూత బిగించిన పది నిమిషాలకే బయ్యన్న దాన్ని ఎత్తి చూశాడు. "అగ్గి ల్యాకుండా యాడుడుకుతాదప్పా?" అని అల్లుణ్ణి అడిగాడు. అల్లుడు వివరించి మళ్లీ మూశాడు. అర్థమైందో లేదో చూసుకోవడానికి మామ మళ్లీ ఎత్తాడు. అంతలో పక్కింటి మారెక్క వచ్చి, కొత్త సామాను చూస్తానని తనూ ఎత్తింది. రాఘవేంద్రకు ఏడుపొక్కటే తక్కువ. గిన్నెను మళ్లీ పొయ్యెక్కించి మరిగించి, డబ్బాలోకి దించి, 'మూత తెరవరాదు' అని కాగితం అంటించాడు. అదీ చాలదనిపించి, చేతికందిన కొత్త పసుపు తువ్వాలుతో మొత్తం గట్టిగా మూటగట్టాడు.

బస్సులో ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క సీట్లోని ముసలమ్మ ఓబులమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"అందులో ఏముండాది నాయనా?"

"బియ్యం, బ్యాళ్లు అవ్వా. గుట్ట ఎక్కేదాకా మూత తెరవకూడదు."

"తెరిస్తే?"

"అంతా పాడైపోతాది. అగ్గి తగలకుండా దానంతట అదే ఉడకాల."

ఓబులమ్మ గబగబా చెప్పులు విడిచింది. పసుపు గుడ్డ, తెరవని పాత్ర, గుట్ట మీద స్వామి గుడి. ఆమెకు ఇంక వేరే వివరం అక్కరలేదు. మూటకు కుంకుమ పెట్టి, "మొక్కుబడి పోతాండాదమ్మా, జరగండి!" అని బస్సంతా వినబడేలా అరిచింది. కిటికీ పక్కన కూర్చున్నాయన లేచి రాఘవేంద్రకు సీటిచ్చాడు. ఒకామె ఆయన కాళ్లకు కూడా దండం పెట్టింది. నిజం చెప్పేయాలనే అనుకున్నాడు. కానీ ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆయనకు ఎవరూ కుర్చీ కూడా జరిపింది లేదు. కిటికీ గాలి హాయిగా ఉంది. మూటను ఒళ్లో సర్దుకుని కిటికీ వైపు జరిగాడు.

వనజాక్షి అన్నీ చూస్తూ కూర్చుంది.

గుట్ట దిగువన బస్సు దిగిన నలభై మంది ఆయన వెనకే ఎక్కారు. బయ్యన్న ఒకసారి మూట మీద చెయ్యి వేయబోతే ఓబులమ్మ కసిరింది. దాంతో మూత నాలుగు గంటలు కదలకుండా ఉంది. మిట్టమధ్యాహ్నం గుళ్లో స్వామి ముందు పూజారి ముత్యాలప్ప మూట విప్పి మూత ఎత్తాడు. గుప్పున ఆవిరి లేచింది. అన్నం, పప్పు వెన్నలా ఉడికి ఉన్నాయి.

"ఉడికింది! చూసినారా, ఉడికింది!" అని రాఘవేంద్ర గంతేశాడు.

"స్వామి ఉడికించినాడు!" అంది ఓబులమ్మ. నలభై మంది గోవిందా అన్నారు.

ప్రసాదం పంచగా పంచగా రాఘవేంద్ర చేతికి నిమ్మకాయంత ముద్ద వచ్చింది. అది మింగి కుక్కర్ ఎత్తుకోబోయాడు.

ముత్యాలప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమప్పా, స్వామికి మొక్కుకున్న పాత్రను ఇంటికి తీస్కపోతావా? చదువుకున్నోని మాదిరి ఉండావే!"

నలభై జతల కళ్లు ఆయన మీదికి తిరిగాయి. రాఘవేంద్ర చేతులు వెనక్కి తీసుకున్నాడు. కుక్కర్ గుడి సామాన్ల గదిలోకి వెళ్లింది.

దిగేటప్పుడు ఆయన గొంతు తగ్గించి, "పోతే పోయింది. ఉడికింది కదా, నా మాటే నెగ్గినట్లే," అన్నాడు.

"దేవుడు ఉడికించినాడని అంతమంది చెప్తాంటే మీరు కాదన్న్యారా?" అంది వనజాక్షి, సంచిలోంచి చిత్రాన్నం డబ్బా తీసి తండ్రికి అందిస్తూ. "నాయనా, ఉడికించింది ఎవరు?"

బయ్యన్న చిత్రాన్నం నోట్లో పెట్టుకున్నాడు. "నన్ను మూత ఎత్తనిస్తే కదమ్మా చెప్పేది," అన్నాడు.

సోమవారం వనజాక్షి బజారుకు వెళ్లి పది నిమిషాల్లో గ్రైండర్ ఎంచుకుని వచ్చింది. రాఘవేంద్ర నోటుపుస్తకంలో ఇంకా ఎనభై పేజీలు ఖాళీగా ఉన్నాయి.